చిరుత కోర విరగ్గొట్టిన జింక

ఒక పెద్ద అడవిలో కాళ్ళున్న ప్రతివాడికీ కాళ్ళ పాలసీ ఉండాలని రూలొచ్చింది. పాము తప్ప అందరూ తిట్టుకున్నారు.

రూలు పెట్టింది సింహం గారి సభ. పాలసీలు అమ్మేది నక్క. సభకీ నక్కకీ ఏ సంబంధమూ లేదని నక్కే ఊరూరా టముకు వేయించాడు.

పాలసీ లేనిదే బాట మీద నడవకూడదు. ఉద్యోగంలో చేరకూడదు. పెద్దవాళ్ళకి ఇదేమంత ఇబ్బంది కాలేదు. చిక్కంతా కుర్రాళ్ళకే వచ్చింది. కొమ్ములు పూర్తిగా రానివాళ్ళు అనవసరంగా గెంతుతారని, గెంతి కాళ్ళు విరగ్గొట్టుకుంటారని, ఆ ఖర్చంతా తన నెత్తిన పడుతుందని నక్క భయం. అందుకని కుర్రాళ్ళందరి మెడకీ ఒక పెట్టె కట్టించాడు.

పెట్టె అంటే ఎండిన వెలగకాయ డొప్ప. లోపల ఒక కీచురాయి. నిదానంగా నడిస్తే కీచురాయి ఊరుకుంటుంది. గెంతితే కీచుమంటుంది. టక్కున ఆగినా కీచే. మలుపులో ఒరిగినా కీచే. ప్రతి పున్నమికీ నక్క దగ్గర పనిచేసే గిజిగాడు డొప్పని ఆఫీసుకి పట్టుకెళ్తే, తను ఎన్నిసార్లు అరిచిందో, వాసనబట్టి ఏ వేళకి ఎక్కడ తిరిగిందో కీచురాయి అంతా చెప్పేస్తుంది. దాన్నిబట్టి స్కోరు. స్కోరు తగ్గితే ప్రీమియం పెరుగుతుంది. మరీ తగ్గితే పాలసీయే పోతుంది.

చెంగల్రాయుడనే జింక కుర్రాడికి అప్పుడే ఉద్యోగం వచ్చింది. చదువైపోయి, చాలాకాలం ఖాళీగా తిరిగి, కనిపించిన ప్రతివాడూ "ఏం చేస్తున్నావు బాబూ ఇప్పుడు?" అని అడిగితే పొదల్లో దాక్కుని, చివరికి సంపాదించిన ఉద్యోగం. కోతుల కొరియర్ కంపెనీలో పార్సిళ్ళు మొయ్యడం. ఈ కొండ తేనె ఆ కొండకి, ఆ కొండ ఉసిరికాయలు ఈ కొండకి.

చేరిన రోజున కోతి చెప్పాడు, "పార్సిల్ లేటైతే ఉద్యోగం పోతుంది."

పాలసీ ఇచ్చిన రోజున నక్క చెప్పాడు, "స్పీడుగా వెళ్తే పాలసీ పోతుంది. పాలసీ పోతే ఉద్యోగం పోతుంది."

మరి ఎలా వెళ్ళాలని చెంగల్రాయుడు ఇద్దర్నీ విడివిడిగా అడిగాడు. ఇద్దరూ ఒకటే చెప్పారు. "జాగ్రత్తగా."

మొదటిరోజే వాగు అడ్డొచ్చింది. జింకై పుట్టాక వాగుని గెంతకుండా ఎలా దాటుతాడు? గెంతాడు.

"కీచ్!"

"ఏంట్రా?"

"గెంతారు సార్," అంది కీచురాయి లోపల్నించి.

"అది వాగురా!"

"నాకు వాగు తెలీదు సార్. కుదుపు తెలుస్తుంది. డొప్పకి కిటికీ పెట్టలేదు కద సార్."

మర్నాడు పిడుగు పడితే ఉలిక్కిపడ్డాడు. కీచ్. తుమ్మాడు. కీచ్. ఏరు దగ్గర ఒక జింక పిల్ల ఇతన్ని చూసి నవ్వింది. గుండె దడదడలాడింది. మళ్ళీ కీచ్.

"గుండె కొట్టుకున్నా అరుస్తావా?"

"మెడకి వేలాడుతున్నాను సార్. మీకంటే ముందు నాకే తెలుస్తుంది."

కష్టపడి అలవాటు చేసుకున్నాడు. తుమ్మొస్తే ముక్కు చెట్టుకి ఆనించి మెల్లగా తుమ్మేవాడు. జింక పిల్ల ఎదురైతే తల దించుకుని గడ్డి వైపు చూసేవాడు. ఇతనికి పొగరని ఆ పిల్ల అనుకుంది.

ఒకరోజు చిరుత దొర వెంటపడ్డాడు. చిరుత దొరకి వయసైపోయింది. చూపు ఆనదు, మోకాళ్ళ నొప్పులు. అయినా చిరుత చిరుతే. చెంగల్రాయుడు ప్రాణాలు గిట్టల్లో పెట్టుకుని పరిగెత్తాడు. కీచురాయి గొంతు బొంగురుపోయేదాకా అరిచింది.

బతికి బయటపడి, తిన్నగా నక్క ఆఫీసుకెళ్ళి మొత్తుకున్నాడు.

"నా తప్పేం లేదు సార్. చిరుత వెంటపడ్డాడు."

"అయ్యో పాపం," అన్నాడు నక్క. "దెబ్బలేమన్నా తగిలాయా?"

"లేదు సార్. తప్పించుకున్నాను."

"ఎలా తప్పించుకున్నావు?"

"పరిగెత్తి."

"చూశావా? నువ్వే ఒప్పుకుంటున్నావు."

"పరిగెత్తకపోతే తినేసేవాడు సార్!"

"తినేస్తే క్లెయిము వచ్చేది కదా బాబూ. మీవాళ్ళని బ్రహ్మాండంగా చూసుకునేవాళ్ళం. చిరుత నోట్లో పడ్డ కస్టమర్లలో ఒక్కరు కూడా ఇంతవరకూ మా మీద కంప్లైంటు ఇవ్వలేదు, తెలుసా?" అని నక్క గొంతు తగ్గించాడు. "వచ్చే పున్నమికి స్కోరు పెరక్కపోతే నీ పాలసీ క్యాన్సిల్. నా చేతుల్లో ఏం లేదు. సిస్టం అలా ఉంది."

సిస్టం ఎవరో చెంగల్రాయుడికి తెలీదు. అడవిలో దాన్ని చూసినవాడు లేడు. సింహాన్ని చూసి భయపడనివాడు కూడా దాని పేరు చెప్తే భయపడతాడు.

ఆ సాయంత్రం పెట్టె పీకేద్దామని తీగని చెట్టుకేసి రాశాడు. కీచురాయి అడవి దద్దరిల్లేలా అందుకుంది. "పెట్టె పీకేస్తున్నారహో!"

"ఆపరా నాయనా, ఆపు!"

"నాకు మీమీద కోపమేం లేదు సార్. ముడి లాగితే అరవాలని రూలు. తెలిసినవాళ్ళు విప్పితే లాగినట్టే ఉండదు, నేనూ అరవక్కర్లేదు."

"తెలిసినవాళ్ళెవరు?"

"కట్టినవాళ్ళే సార్."

కట్టింది గిజిగాడు. గూళ్ళు అల్లే పిట్ట కదా, అతను వేసిన ముడి ఇంకోడు విప్పలేడు. పొద్దున నక్క కంపెనీ చెట్టు ముందు కూర్చుని పెట్టెలు కడతాడు. సాయంత్రం అదే చెట్టు వెనక కూర్చుని పెట్టెలు విప్పుతాడు.

"మేస్త్రీ, ఇది తప్పు కదండీ?" అన్నాడు చెంగల్రాయుడు అటూ ఇటూ చూస్తూ.

"తప్పే," అన్నాడు గిజిగాడు ముక్కుతో ముడి విప్పుతూ. "అందుకే వెనక కూర్చున్నా. మెడ తిప్పకు. ఇదిగో, విప్పాను కదాని పారెయ్యకు. ఒకేచోట పడుంటే నువ్వు పోయావనుకుంటారు. నిదానంగా తిరిగేవాడెవడైనా ఉంటే చూసి తగిలించు."

"అలాగే చెయ్యండి సార్," అంది కీచురాయి. "మీ మెడలో ఉంటే నాకు తిన్నది ఇమడట్లేదు."

మడుగు పక్క రెల్లుగడ్డిలో తాతబ్బాయి గారని ఒక పెద్ద తాబేలు ఉండేవారు. గడ్డిలో ఈ చివర్నించి ఆ చివరికి వెళ్ళి, అక్కణ్ణించి ఈ చివరికి రావడమే ఆయన పని.

"తాతబ్బాయి గారూ, ఈ పెట్టె కొన్నాళ్ళు మీ వీపు మీద ఉంచుకుంటారా?"

"బరువా?"

"లేదండీ."

"వాగుతుందా?"

"మీరు గెంతితేనే అరుస్తుందండీ."

తాతబ్బాయి గారు చాలాసేపు ఆలోచించారు. "గెంతడం... మా నాన్నగారు చిన్నప్పుడు ఒకసారి గెంతారని చెప్పేవారు. మేమెవ్వరం నమ్మలేదు. సరే, కట్టు."

గిజిగాడు వచ్చి ఆయన వీపుకి పెట్టె కట్టి వెళ్ళాడు. చెంగల్రాయుడు తన మెడలో ఒక ఉత్త డొప్ప వేలాడేసుకున్నాడు. ఇక చూడాలి. వాగులు గెంతాడు, మలుపుల్లో ఒరిగాడు, ఎక్కడ పడితే అక్కడ తుమ్మాడు. పొద్దున ఎక్కించిన తేనె, మూతకి వేసిన మైనం ఆరకముందే పక్క కొండకి చేరేది. జింక పిల్ల వైపు తలెత్తి చూశాడు. ఆ పిల్ల మళ్ళీ నవ్వింది.

పున్నమికి స్కోరు వచ్చింది. కంపెనీ పుట్టాక అంత స్కోరు ఎవరికీ రాలేదట. నక్క సభ పెట్టి, 'ఆదర్శ పాదచారి' అని బిరుదిచ్చి, దండ వేశాడు. దండ సర్దుతూ ఉత్త డొప్పని చేత్తో పట్టుకున్నాడు కూడా. అయినా అనుమానం రాలేదు. పెట్టె చెప్పింది వినడమే గానీ, జింక వైపు సరిగ్గా చూసిన అలవాటు నక్కకి లేదు.

"నిన్ను చూసి కుర్రాళ్ళంతా నేర్చుకోవాలి," అన్నాడు నక్క.

"మీ దయ సార్," అన్నాడు చెంగల్రాయుడు. పక్క కొండకి పార్సిల్ లేటైపోతోందని అతని బెంగ.

ఆ సన్మానం అవగానే నక్క చిరుత దొర గుహకి వెళ్ళాడు. నక్కకి ఇది రెండో వ్యాపారం. స్కోరు బాగా వచ్చినవాళ్ళ పేర్లు, వాళ్ళు ఏ వేళకి ఎక్కడుంటారో, అన్నీ దొర చెవిన వేస్తాడు. దొర తిన్నాక మిగిలింది నక్కది.

"ఈసారి ఏం తెచ్చావు?" అన్నాడు చిరుత దొర మోకాళ్ళు రుద్దుకుంటూ.

"మీ మోకాళ్ళకి తగ్గ సరుకు దొరా. జింక. లేత కుర్రాడు. ఇంత నిదానమైన జింకని నా సర్వీసులో చూళ్ళేదు. పొద్దువాలే వేళకి మడుగు పక్క రెల్లులో ఉంటాడు."

"నన్ను చూసి పరిగెడితే?"

"పరిగెడితే స్కోరు పోదూ? బుద్ధిమంతుడు దొరా. కదలడు."

మర్నాడు పొద్దువాలే వేళకి చిరుత దొర మడుగు దగ్గరికొచ్చాడు. రెల్లులో ఏదో మెల్లగా కదులుతోంది. మసక చూపుకి వెలగ డొప్ప కనబడింది. డొప్ప ఉన్నచోట మెడ ఉంటుంది కదా. వయసులో ఉన్నప్పటి కసంతా కూడగట్టుకుని దూకి, కోర దించాడు.

టక్!

"కీచ్!" అంది కీచురాయి.

తాతబ్బాయి గారు తల లోపలికి లాక్కుని, "ఎవరండీ?" అన్నారు.

చిరుత దొర కోర విరిగి రెల్లులో పడింది.

కోరలకి కూడా నక్క దగ్గరే పాలసీ. దొర నోటికి ఆకు అడ్డం పెట్టుకుని క్లెయిముకి వచ్చాడు. దొర కోరంటే మాటలా? సొంత ఖర్చుతో కట్టించడం నక్కకి ఇష్టం లేదు. గుద్దినవాడెవడో తేల్చి వాడి నెత్తిన రుద్దాలనుకుని, ఆ వేళకి అక్కడ అరిచిన పెట్టె ఏదో వాకబు చేశాడు. అది చెంగల్రాయుడి పెట్టె.

తగవు ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళింది. తగవులు తీర్చే ఆఫీసరు ఆయనే. అడవంతా వచ్చి కూర్చుంది. గిజిగాడు తెలివైనవాడు, తెల్లారేసరికే పెట్టె తెచ్చి చెంగల్రాయుడి మెడలో కట్టేసి వెళ్ళాడు.

"ఏవయ్యా, చిరుత దొర కోర విరగ్గొట్టావా?" అన్నాడు ఎలుగుబంటి వీపు గోక్కుంటూ.

చెంగల్రాయుడు మెడలో పెట్టె వైపు చూశాడు. కాదంటే ఆ సాయంత్రం పెట్టె తన మెడలో లేదని చెప్పాలి. అప్పుడు పాలసీ పోతుంది, ఉద్యోగం పోతుంది, మళ్ళీ ఏం చేస్తున్నావు బాబూ అనడం మొదలుపెడతారు. అవునంటే...

"అవునండీ," అన్నాడు. "ఏదో పొరపాటున తగిలిందండీ."

సభంతా నోరెళ్ళబెట్టింది.

"దొరా, ఈ కుర్రాడేనా?"

ఇప్పుడు ఇరుకున పడడం చిరుత దొర వంతైంది. కాదంటే తాబేలుని జింకనుకున్నానని చెప్పాలి. అక్కడ జింక ఉంటుందని ఎవరు చెప్పారని అడుగుతారు.

"వీడే," అన్నాడు ఆకు చాటునించి. "పరమ కిరాతకుడు."

వెనకనించి తాతబ్బాయి గారు తల బయటపెట్టారు. "అయ్యా, ఆ సాయంత్రం నిజానికి..."

"మీకు పాలసీ ఉందా?" అన్నాడు నక్క.

"లేదండీ."

"పాలసీ లేకుండా బాట మీదకి ఎలా వచ్చారు?"

"రూలు రాకముందే బయల్దేరానండీ."

"కూర్చోండి," అన్నాడు ఎలుగుబంటి. ఆయన కూర్చునే ఉన్నారు. "సరే, పెట్టెని అడుగుదాం. ఏరా కీచురాయీ, దెబ్బ ఎలాంటిది?"

"బండరాయిలాంటి దెబ్బ సార్."

"ఎక్కడ?"

"మడుగు పక్కన సార్. ఎవరి ఒంటి మీదున్నావని అడగరా సార్?"

ఎలుగుబంటి నక్క వైపు చూశాడు. అప్పటికే నక్కకి విషయం అర్థమైపోయింది. ఆ ప్రశ్న ఒకటి అడిగితే, దాని తోక పట్టుకుని ఇంకో ప్రశ్న వస్తుందని, అది తన ఇంటికే వస్తుందని కూడా అర్థమైంది.

"అలాంటి ప్రశ్న సిస్టంలో లేదండీ," అన్నాడు నక్క.

"లేనిదాన్ని మనం ఎలా అడుగుతాం?" అన్నాడు ఎలుగుబంటి. తీర్పు చెప్పేశాడు. చిరుత కోర విరగ్గొట్టగలిగినవాడు జింక కాడు. ఈ రోజునించి చెంగల్రాయుడు క్రూరమృగాల లెక్కలోకి వస్తాడు. పులి కట్టే ప్రీమియమే ఇతనూ కట్టాలి. అందులోంచే దొరకి కొయ్య కోర.

చెంగల్రాయుడి ఉద్యోగం నిలబడింది. కోతికైతే సంతోషమే. ఇలాంటివాడు మోస్తుంటే దారిదోపిడీ మాటే ఉండదు కదా! జీతం మాత్రం ఒకటో తారీఖున ఇతని చేతికి వచ్చి, ఆ చేత్తోనే నక్క ఆఫీసుకి వెళ్ళిపోతుంది.

జింకల మందలోకి రానివ్వలేదు. "పిల్లలున్న చోటు కదా నాయనా, ఏమనుకోకు," అన్నారు పెద్దలు. ఏరు దగ్గర జింక పిల్ల పొద వెనక నిలబడి అడిగింది, "నువ్వు మాంసం తింటావటగా?"

"లేదండీ. గడ్డే."

"అందరూ అలాగే చెప్తారు," అని వెళ్ళిపోయింది.

ఆ దిగులుతోనే పార్సిల్ ఎత్తుకుని, మర్చిపోయి వాగు గెంతాడు. గెంతాక గుర్తొచ్చి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. డొప్పలోంచి చప్పుడు లేదు.

"ఏరా, ఉన్నావా?"

"ఉన్నాను సార్. క్రూరమృగాలు గెంతితే అరవకూడదని రూలు. వేటకి అడ్డొస్తుందట. మీ ఇష్టం సార్, కాస్త నా కడుపు చూసుకుని గెంతండి."

మలుపులో చిరుత దొర ఎదురయ్యాడు. ఇద్దరూ ఆగిపోయారు. దొర చుట్టూ చూశాడు. చెట్ల మీద కోతులు, పిట్టలు, అందరూ చూస్తున్నారు. దొర నోటికి ఆకు అడ్డం పెట్టుకుని, బాట దిగి పక్కకి నిలబడ్డాడు.

"మీరు వెళ్ళండి బాబూ," అన్నాడు.

ఆ వారం మడుగు పక్కన పెద్ద క్యూ. అడవిలో కుర్రాళ్ళందరూ మెడలో పెట్టెలతో, వెనకాల గిజిగాడితో, తాతబ్బాయి గారి కోసం నిలబడ్డారు. ఆయన తీర్పు రోజున సభనించి బయల్దేరారు, ఇంకా రాలేదు.

నీతి: పెట్టె అబద్ధం చెప్పదు; ఆ పని మనమే చూసుకోవాలి.