నేనంటలేను, ఫోన్ అంటాంది

సిద్దిపేట శాంతివనం కాలనీని ద్వేషరహిత కాలనీగా ప్రకటించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ప్రకటించింది కాలనీ సంక్షేమ సంఘం. ధ్రువీకరించిందీ, శాలువా కప్పిందీ, కప్పించుకున్నదీ అదే సంఘం కాబట్టి పనిలో ఎక్కడా జాప్యం జరగలేదు.

ఈ ఘనతకు మూలం సంగీత. పదకొండేళ్లు ముంబై దగ్గరి భివండిలో మరమగ్గాల చప్పుడు మధ్య బతికి, భర్తతో, కూతురితో తిరిగొచ్చిన మనిషి. దుబ్బాక టవళ్లు తెచ్చి ఇక్కడ అమ్ముకోవాలని, జూన్‌లో పిల్లను ఇక్కడి బడిలో వేయాలని ఆమె ఆలోచన. అందుకు రెండు గదులు కిరాయికి కావాలి. స్వరాజ్యలక్ష్మి గారి గేటుకు ‘టు లెట్’ బోర్డు వేలాడుతోంది. ఆమె గదులు చూపించారు, నల్లా తిప్పి నీళ్లు చూపించారు, మేడ మీద బట్టలు ఏ వైపు ఆరేయాలో కూడా చెప్పారు. అంటే ఇల్లు ఇచ్చినట్టే. అప్పుడు అడిగారు, “యాడికెల్లి వచ్చిన్రు బిడ్డా?” అని. సంగీత నిజం చెప్పింది.

స్వరాజ్యలక్ష్మి గారు చదువుకున్న మనిషి. ఎవరినీ ఊరికే అనుమానించరు. ఫోన్‌ను అడుగుతారు. ‘భివండి నుంచి వచ్చినవాళ్లు’ అని కొట్టగానే మిగతా ప్రశ్నను ఫోనే పూర్తి చేసింది. మూడో వరుసలో, పేరు చెప్పుకోని ఒక మహానుభావుడు రాసిన వాక్యం వచ్చింది. వాళ్లు ఎలాంటివాళ్లో, వాళ్ల ఆడవాళ్లు ఎలాంటివాళ్లో, ఇల్లు ఎందుకు ఇవ్వకూడదో, అంతా పన్నెండు మాటల్లో ఇమిడిపోయింది.

“నేనంటలేను బిడ్డా, ఫోన్ అంటాంది,” అని ఆమె ఫోన్‌ను సంగీత వైపు తిప్పారు.

సంగీత నేరుగా సంఘం ఆఫీసుకు వెళ్లింది. “సార్, గా మాట తీపియ్యున్రి. బడి తెరిచేదాంక నాకు ఇల్లు దొరకాలె,” అని అధ్యక్షులు రాజేంద్రప్రసాద్ గారిని అడిగింది.

అధ్యక్షుల వారు చలించిపోయారు. అంతగా చలించాక కమిటీ వేయక తప్పదు. పదకొండు మందితో ‘అంతర్జాల పరిశుభ్రతా కమిటీ’ ఏర్పడింది. ఫోన్ కవర్లు అమ్మే దుకాణం ఉన్నందువల్ల రమాకాంత్ సాంకేతిక సలహాదారు అయ్యాడు. సంగీతను కూడా చేర్చుకునేవారే, కానీ సభ్యత్వం కాలనీలో ఇల్లు ఉన్నవాళ్లకే.

మొదటి తీర్మానం ప్రకారం, వాక్యం ఉన్నదా పోయిందా అని ప్రతి సభ్యుడూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెతికి చూడాలి. చూశారు. ఇంట్లోవాళ్లకు చూపించారు. కొండపాక వియ్యంకులకు, కోహెడ బావమరుదులకు పంపి ‘మీ దగ్గర కూడా వస్తోందా’ అని విచారించారు. వారం తిరిగేసరికి మూడో వరుసలోని వాక్యం మొదటి వరుసకు చేరింది.

“సార్, మనం వెతుకుడు షురూ జేసినంక మస్తు జల్ది దొరుకుతాంది,” అని రమాకాంత్ నివేదిక సమర్పించాడు. సభ చప్పట్లతో ఆమోదించింది.

రెండో సమావేశంలో భావప్రకటనా స్వేచ్ఛ చర్చకు వచ్చింది. రాసేవాడి నోరు మూయడం తప్పని ఐదుగురు, మూయకపోవడం తప్పని ఐదుగురు అన్నారు. అధ్యక్షుల వారు లేచారు. “మిత్రులారా! మనం స్వేచ్ఛను గౌరవిస్తూనే నిషేధిద్దాం. నిషేధిస్తూనే గౌరవిద్దాం!” ఇరుపక్షాలూ తామే గెలిచామని ఇళ్లకు వెళ్లాయి.

నిషేధమైతే కుదిరింది. కానీ ఏ మాట నిషేధమో తెలియక జనం పొరపాటున అనేస్తే? అందుకని కాలనీ గేటుకు పన్నెండు అడుగుల ఫ్లెక్సీ కట్టారు. నడుమ ఆ వాక్యం పూర్తిగా, ఎర్రటి అక్షరాల్లో. దాని కింద చేతులు జోడించి నవ్వుతున్న అధ్యక్షుల వారు. ‘ఇలా అనరాదు’ అన్న ముక్కకు జాగ చాలక మూలన చిన్నగా వేశారు.

సంగీత గేటు ముందు నిలబడి చదివింది. “సార్, మొన్నటిదాంక ఫోన్ తెరిచినోళ్లకే తెల్సు.”

“ఇప్పుడు అందరికి తెల్సింది గదమ్మా. అవగాహన అంటే గదే,” అన్నారు అధ్యక్షుల వారు.

అవగాహన బస్సుల్లో పోయేవాళ్లకు కూడా కలిగింది. వాళ్లు ఫొటోలు తీశారు. రెండు రోజుల తర్వాత రాజేంద్రప్రసాద్ గారి పేరు కొట్టినవాళ్లకు ఆయన నవ్వు మీద ఆ వాక్యం కనిపించసాగింది, ఆయనే సెలవిచ్చినట్టు.

“ఎవడన్నడుర నేనన్ననని!” అని ఆయన అరిచారు. ఆ రోజు స్వేచ్ఛ ప్రస్తావన రాలేదు. రమాకాంత్ దుకాణం మూసి ఇల్లిల్లూ తిరిగి, రెండు వందల ఇళ్ల ఫోన్ల నుంచి ఫిర్యాదులు కొట్టించాడు. సంగీత కోసం నెలన్నరలో కదలని పని, అధ్యక్షుల వారి ముఖం కోసం నాలుగు రోజుల్లో అయిపోయింది. ఫొటో పోయింది. దాని వెంట అసలు వాక్యం కూడా పోయింది. కాలనీ ద్వేషరహితమైందని సంఘం ఆ సాయంత్రమే ప్రకటించింది. ఫ్లెక్సీ దించి, అధ్యక్షుల వారి బొమ్మ మేరకు గౌరవంగా కత్తిరించి సంఘం భద్రపరిచింది. మిగతాది మందపాటి సరుకు. స్వరాజ్యలక్ష్మి గారు అడిగి తీసుకున్నారు.

బడి తెరవడానికి తొమ్మిది రోజులుందనగా సంగీత మళ్లీ ఆ గేటు తీసింది. బోర్డు ఇంకా వేలాడుతోంది. మేడ మీద స్వరాజ్యలక్ష్మి గారు మిరపకాయలు ఎండబోస్తున్నారు.

“అమ్మా, ఒక్కపారి మల్ల కొట్టి చూడున్రి,” అంది సంగీత మేడెక్కి.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని కొట్టారు. పైకీ కిందికీ జరిపి చూశారు. భివండి వాతావరణం వచ్చింది, బస్సుల సమయాలు వచ్చాయి. ఇంకేమీ రాలేదు.

“ఇప్పుడు ఫోన్ ఏమంటలేదు గదమ్మా,” అంది సంగీత. ఆమె గొంతులో అప్పటికే సామాన్లు దిగిపోయాయి.

“అంటలేదు బిడ్డా. పాపం, దాన్ని అననిస్తలేరు.” స్వరాజ్యలక్ష్మి గారు నిట్టూర్చి, వంగి, పరిచిన ఫ్లెక్సీ మీద మిరపకాయలను అరచేత్తో పక్కకు జరిపారు. ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. “ఇగ నేనే అనాల్సొచ్చె.”

అన్నారు. పన్నెండు మాటలూ, ఒక్కటీ తప్పకుండా.

ఆ వాక్యాన్ని నేను ఇక్కడ రాయకపోవడానికి కారణం నిషేధం కాదు. మీకు వచ్చు కదా అని. మీ వీధిలో ఊరి పేరు ఒక్కటే మారుతుంది.