తిమ్మక్క టోకెన్లు

మస్కిలో తిమ్మక్క ఇంటి ముందుగదిలోనే జొన్నరొట్టెల ఖానావళి, అంటే చిన్న భోజన హోటలు, నడుపుతుంది. దానికి సోమవారం పొద్దున వెబ్‌సైటు తెరవాలని కోడలు కీర్తి ముహూర్తం పెట్టింది. చూసేవాళ్లు కన్ను మూసి తెరిచేలోపే మంచీ చెడూ తేల్చేస్తారని ఆమె ఆన్‌లైన్ క్లాసులో నేర్చుకుంది. అందుకే పేజీ అంతా మల్లెపువ్వులా తెల్లగా ఉంచింది. మధ్యలో తెల్ల ఏప్రాన్ కట్టుకున్న అత్తగారి ఫొటో, రొట్టెల లెక్క పెంచుకోవడానికి పక్కనే ఆకుపచ్చ ప్లస్ గుర్తు, కింద "టోకెన్ తీసుకోండి" అన్న బటన్. "ఖానావళి" అన్న మాటను మాత్రం నాజూగ్గా ఉండాలని సన్నటి బూడిదరంగు అక్షరాల్లో పెట్టింది. అది ఎవరి కంటా పడలేదు.

మొదటి టోకెన్‌తో పత్తి వ్యాపారి అమరప్ప వచ్చాడు.

"మూడు దినాలసంది కడుపుల ఒకటే మంట, అమ్మా."

పాపం, మూడు రోజులుగా తిండి లేదనుకుని తిమ్మక్క జాలిపడింది. "కూసో అన్నా. రెండు రొట్టెలు, మజ్జిగ తీస్కో."

"ఎన్ని దినాలు తీస్కోవాలె?"

"బతికినన్ని దినాలు."

బీపీ మాత్రల్లాంటిదే కాబోలని అమరప్ప తల ఊపాడు.

అంతవరకు టీలతో రోజు వెళ్లదీసిన మనిషికి రెండు రోజుల్లో మంట తగ్గింది. మస్కిలో మందుల్లేకుండా రొట్టెతో నయం చేసే డాక్టరమ్మ ఉందని బస్టాండంతా చెప్పాడు. గురువారానికి నలభై టోకెన్లయ్యాయి. ఒకామె నాలుక చాపింది.

"కారం ఎక్కువైంది, పెరుగు తిను" అంది తిమ్మక్క.

మారెవ్వ అనే ముసలామె మోకాలు చూపించింది. "కింద కూసోకు, బెంచి మీద కూసో" అంది తిమ్మక్క. ఆ వైద్యానికి మారెవ్వ దండం పెట్టింది.

శుక్రవారం ఆరోగ్యశాఖ అధికారి చెన్నకేశవరావు జీపు దిగాడు. నకిలీ డాక్టరు ఉందని ఆయనకు ఫిర్యాదు అందింది.

"మీ పట్టా చూపించండమ్మా."

"ఇంటిదా, చేనుదా?"

"వైద్యం చేసే పట్టా. లేదంటే తాళం వేయించేస్తాను."

పెనం మీద రొట్టె మాడిపోయింది. "వైద్యమేంది సారూ? నేను రొట్టెలు కాలుస్త."

ఆయన ఫోన్ తెరిచి చూపించాడు. కీర్తి తన పేజీని మొదటిసారి పరాయి మనిషిలా చూసింది.

"అత్తా, ఇది అచ్చం దవాఖాన లెక్క ఉంది. తప్పు నాదే."

"గంటలో మార్చేయండి" అని ఆయన అక్కడే కూర్చున్నాడు.

గంటలో పేజీ ఎరుపూ పసుపూ అయింది. నిండా రొట్టెలు, గుత్తివంకాయ, పైన వీధి చివరికి కనబడేంత లావు అక్షరాల్లో "ఖానావళి". అధికారి తృప్తిపడి, నాలుగు రొట్టెలు తిని వెళ్లాడు.

మర్నాడు అమరప్ప ఫోన్ పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రా అన్నా, రొట్టె వేడిగుంది."

"ఇది హోటలంట గదమ్మా. నాకు హోటల్ తిండి పడదు."

అప్పటికి ఆయన అక్కడ తొమ్మిది పూటలు తిన్నాడు.