పీచు కట్టిన క్యాన్

ఆదివారం మధ్యాహ్నం భార్య కునుకు తీసే సమయం చూసుకుని ఆంజనేయప్రసాద్ దొంగతనానికి బయల్దేరాడు. సొంత ఇంట్లో, సొంత మెట్ల కింద, సొంత డబ్బు పెట్టి కొన్న సరుకుని దొంగిలించడానికి. కోనసీమ మొత్తం వెతికినా ఇంత నిజాయితీపరుడైన దొంగ దొరకడు.

మెట్ల కింద ఇన్వర్టర్ ఉంది. దాని పక్కన బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు రెండు ఉన్నాయి. అందులో ఒకదాని పిడికి కొబ్బరి పీచు కట్టి ఉంది. కట్టింది ప్రసాదే. ఆ క్యాన్‌లో ఉన్నది నీళ్లు కాదు, వోడ్కా.

ఇంట్లో మందు దాచడానికి అంతకంటే మంచి చోటే లేదా అని మీరడగచ్చు. లేదండీ. బియ్యం డబ్బాలో పెడితే భార్య భవానీదేవి చెయ్యి పెడుతుంది. బీరువాలో పెడితే ముక్కు పెడుతుంది. షాక్ కొడుతుందేమోనన్న హడలుతో ఆవిడ దగ్గరికే రాని స్థలం ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఒక్కటే.

అసలీ అవస్థ ఎందుకొచ్చిందంటే, ప్రసాద్‌కి అమలాపురంలో పెయింట్ల షాపుంది. షాపు మూసిన పూట సినిమాల గురించి వాదించుకోకపోతే అన్నం అరగదు. వాదించడానికి స్నేహితులు ఇద్దరు. కొబ్బరికాయల వ్యాపారి గంగబాబుకి నరుకుళ్లు లేనిది సినిమాయే కాదు. కాలేజీలో పాఠాలు చెప్పే దేవదానం మాస్టారికి కళ్లు తుడుచుకోకుండా హాల్లోంచి బయటికొస్తే టికెట్టు దండగ. ఇక ప్రసాద్‌ది పౌరాణికాల పార్టీ. నెత్తిన కిరీటం లేనివాడు హీరో ఎలా అవుతాడని అతని వాదన.

ముగ్గురూ ఇదివరకు టీకొట్టు దగ్గర కూర్చునేవారు. ఓ రోజు గంగబాబు కత్తి తిప్పే విధానం చూపించబోయి గ్లాసుల ట్రే కాస్తా కాలవలోకి ఎగరగొట్టాడు. ఆనాటి నుంచి ఆ వీధిలో వాళ్లకి టీ చుక్క పుట్టలేదు. దాంతో ప్రసాద్ కన్ను సొంతింటి మేడమీద గది మీద పడింది. పెద్ద టీవీ ఉన్నది అక్కడే.

తీరా చూస్తే భవానీదేవి కన్ను కూడా ఆ గది మీదే ఉంది. ఆవిడా, మాస్టారి భార్య మేరీ, వీధిలో ఇంకొందరు ఆడవాళ్లూ కలిసి ఆదివారాలు అక్కడ సినిమా చూద్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు.

"గది మీకే ఇస్తానండీ, నాకేం బాధ లేదు," అంది భవానీదేవి. "కానండీ, మందు చుక్క నా కంట పడకూడదు. పడిందో, ఆ క్షణం నుంచీ గది మాది. ఒట్టెయ్యండి."

ఆవిడ అంత మాట అనడానికి కారణం లేకపోలేదు. కిందటేడు అల్లవరంలో ఓ పెళ్లికి వెళ్లి, స్నేహితుల బలవంతం మీద ఓ గ్లాసు పుచ్చుకుని, పెళ్లికొడుకు అనుకుని బ్యాండు మేస్త్రీ నెత్తిన అక్షింతలు వేసొచ్చాడు మన ప్రసాద్. వేసి ఊరుకున్నాడా? అతని భుజం మీద చెయ్యేసి, "ఆడపిల్లని ఏడిపించకు బాబూ," అని కన్నీళ్లు పెట్టుకున్నాడు.

అందుకే మారు మాట్లాడకుండా అయినవిల్లి వినాయకుడి మీద ఒట్టేశాడు. వేస్తూనే చిన్న సందు చూసుకున్నాడు. కంట పడకూడదంది గాని, ఇంట ఉండకూడదు అనలేదు కదా! అందుకని కంటికి నీళ్లలా కనిపించేదే కొన్నాడు. తను మాత్రం ముట్టుకోకూడదనీ, స్నేహితులకి పోసి ఆనందించాలనీ నిర్ణయించుకున్నాడు. దేవుడి దగ్గర కూడా కాస్త మొహం చెల్లాలి కదా.

పైగా మందులో అవీ ఇవీ కలిపి పానీయాలు చెయ్యడం ఫోన్‌లో చూసి నేర్చుకున్నాడు. రోజూ డబ్బాల్లో రంగులు కలిపే చేతికి గ్లాసులో మందు కలపడం ఓ లెక్కా? ఏ సినిమాకి ఏ గ్లాసో రంగుల షేడ్ కార్డులా రాసుకుని మరీ తయారుచేశాడు. నరుకుడు సినిమాకి పచ్చిమిరపకాయ, అల్లం, సోడా. దాని పేరు 'వేటకొడవలి'. ఏడుపు సినిమాకి బొండం నీళ్లు, నిమ్మకాయ, ఉప్పు. అది 'కన్నీటికుండ'. పౌరాణికానికి మిరియాలు దట్టించిన పానకం. దానికి 'స్వర్గద్వారం' అని పేరు పెట్టాడు. అన్నిట్లోనూ పీచు కట్టిన క్యాన్‌లోది తలో కాస్త. ముందు ఎవరి పార్టీ గ్లాసు వాళ్లకి, వాదనలో ఓడినవాడు గెలిచినవాడి గ్లాసు కూడా తాగాలి. అదీ నియమం.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. మాస్టారు గదిలోకి అడుగు పెడుతూనే కిటికీల వైపు చూసి ఆగిపోయారు.

"అద్దాలేంటండీ ఇలా మెరిసిపోతున్నాయి? అసలు అద్దం ఉందా లేదా అన్నట్టున్నాయి."

"అంతా మా భవానీ చలవండీ," అన్నాడు ప్రసాద్ గర్వంగా.

చర్చ మొదలైంది. రెండు గుక్కలు పడగానే గంగబాబు గొంతు వీధి చివరికి వినపడింది.

"బావగారూ, ఎక్కేస్తందండోయ్! చెవుల్లోంచి ఆవిర్లు వచ్చేత్తన్నాయ్!"

"మెల్లగా అనండీ బాబూ!" అంటూ ప్రసాద్ తలుపు కేసి చూశాడు. మెట్ల మీద ఏ అలికిడైనా అతని కాలు క్యాన్ వైపు వెళ్తోంది.

మాస్టారు సంగతి వేరు. ఎక్కినకొద్దీ ఆయనకి ధైర్యం వచ్చింది. "నిజం చెప్పేస్తున్నానండీ. చేపల పులుసంటే మా అమ్మ పెట్టిందే పులుసు. మా మేరీది పులుసు కాదు, చింతపండు నీళ్లు," అని బల్ల గుద్దారు. ఇంట్లో ఈ మాట మనసులో అనుకోవడానికి కూడా ఆయన పెరట్లోకి వెళ్లేవారు.

అంతలో భవానీదేవి చేగోడీల పళ్లెంతో వచ్చింది. ప్రసాద్ క్యాన్‌ని కాలితో మంచం కిందికి తోసేశాడు.

"పుచ్చుకోండి అన్నయ్యగారూ. మాస్టారూ, మొహమాటపడకండి," అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఏవండీ, చెప్పడం మర్చిపోయేను. పొద్దున్న మీరు షాపుకేదో సరుకొచ్చిందని వెళ్లేరా, అప్పుడు ఇన్వర్టర్ మెకానిక్ కొండబాబు వచ్చేడండి. బ్యాటరీలోంచి యాసిడ్ నీళ్లు తీసి, పీచు కట్టిన క్యాన్‌లో పోసి వెళ్లేడు. రేపు పట్టుకెళ్తాడంట. మీరది ముట్టుకోకండేం. ప్రమాదమన్నాడు."

ఆవిడ దిగి వెళ్లిపోయింది. ప్రసాద్ మాత్రం చేగోడీ నోట్లో పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే ఉండిపోయాడు.

యాసిడ్! పీచు కట్టిన క్యాన్! అంటే ఇందాకట్నుంచీ ప్రాణస్నేహితులిద్దరికీ నిమ్మకాయ పిండి మరీ పోస్తున్నది... మంచం మీద కూలబడ్డాడు. అడుగుదామంటే భార్యని అడగాలి. అడిగితే ఆ క్యాన్‌తో నీకేం పని అంటుంది. అంటే గది పోతుంది. అడక్కపోతే వీళ్లు పోతారు.

"బావగారూ, కడుపులో మంట మంటగా ఉందేంటండీ?" అన్నాడు గంగబాబు పొట్ట రుద్దుకుంటూ.

మాస్టారు కళ్లజోడు తీసేశారు. కళ్లమ్మట నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆయన తనకిష్టమైన సినిమాలో తల్లి చనిపోయే ఘట్టం చెప్తున్నారు గాని, ప్రసాద్‌కి అది వినపడితే కదా!

"చూపు మసగ్గా ఉందాండీ మాస్టారూ?" అనడిగాడు.

"కళ్లజోడు తీస్తే నాకు ఎప్పుడూ మసకేనండీ," అన్నారాయన.

ప్రసాద్ మెట్లు దిగాడో, జారాడో అతనికే తెలీదు. భవానీదేవి వంటింటి గుమ్మంలో కూర్చుని తీరిగ్గా మునగాకు దూస్తోంది.

"భవానీ, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నా. ఆ బ్యాటరీ నీళ్లు ఎవరైనా ముట్టుకుంటే ఏవౌతుంది?"

"చెయ్యి కాలుతుందంటండి."

"ఒకవేళ ఏ పిల్లో వచ్చి తాగిందనుకో?"

"ఏ పిల్లండీ?"

"ఏదో పిల్లి. కాస్త పెద్ద పిల్లి. కళ్లజోడు పెట్టుకునే..." అని నాలిక్కరుచుకున్నాడు.

"కళ్లజోడు పిల్లా?"

"కళ్లజోడు లాంటి మచ్చలున్న పిల్లి! ఇంకోటి కూడా ఉంది. అది గట్టిగా అరుస్తుంది."

"అయ్యో పాపం," అంది భవానీదేవి ఆకు దూస్తూనే. "ఆ క్యాన్ ఎవరూ ముట్టుకోలేదు కదండీ?"

ప్రసాద్ నోరు తెరిచాడు. మేడమీద గది కళ్ల ముందు కదిలింది. పెద్ద టీవీ కదిలింది. "అబ్బే, ఎవరు ముట్టుకుంటారు?" అనేసి మజ్జిగ కుండ ఎత్తుకుని పైకి పరిగెత్తాడు.

"చర్చ అయిపోయింది! ఇద్దరూ ముందు ఈ మజ్జిగ తాగండి!"

"ఇంత మంచి సరుకు పుచ్చుకుని పైన మజ్జిగ తాగమంటారేంటండీ? దిగిపోద్ది కదా!" అని గంగబాబు కుండ పక్కకి నెట్టాడు. "అయినా పాయింటు తేలందే ఎలా వెళ్తామండీ? అసలు విలన్ అన్నవాడు ఎలా చావాలో తెలుసాండీ మీకు? చూడండి."

ఆ మనిషి గదిమధ్యలో నిలబడి, రెండు చేతుల్తో పొట్ట పట్టుకుని, కళ్లు తేలేసి, ఒక్క కేక పెట్టి నరికిన కొబ్బరి గెలలా ధబ్బున కింద పడ్డాడు. పడి మరి కదల్లేదు.

ప్రసాద్ చేతిలో కుండ జారిపోయింది. ఎన్నేళ్ల స్నేహం! ఎన్ని నేల టికెట్లు కలిసి చింపారు! ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. ఈ మనిషి లేని ఆదివారం తనకెందుకు, ఆ గదెందుకు?

"భవానీ!" అని మెట్ల మీంచి అరిచాడు. "గది నువ్వే తీసేసుకో! టీవీ కూడా నీదే! ఆ పీచు కట్టింది నేనే, వోడ్కా పోసింది నేనే, వీళ్లచేత తాగించింది నేనే! గంగబాబు పోయాడే! మాస్టారు కూడా పోయేలా ఉన్నారు! ఆటో పిలవ్వే!"

"నేనెందుకు పోతానండీ?" అన్నారు మాస్టారు కంగారుగా, తన చెయ్యి తనే పట్టి నాడి చూసుకుంటూ.

భవానీదేవి చెంగుతో చేతులు తుడుచుకుంటూ పైకొచ్చింది. కింద పడున్న గంగబాబుని చూసింది. "లేవండి అన్నయ్యగారూ. విలన్ చచ్చిపోయేడు, శుభం కార్డు కూడా పడిపోయింది."

గంగబాబు ఒక కన్ను తెరిచాడు. "బాగా చచ్చేనాండీ?"

ఆవిడ మంచం కిందనుంచి క్యాన్ లాగి, గ్లాసులో వంచుకుని, ప్రసాద్ "వద్దే!" అనేలోపల గడగడా తాగేసింది.

"కాచి చల్లార్చిన గోదావరి నీళ్లండి. చీపురుకట్టతో క్యాన్ ఇవతలికి లాగి నేనే పోసేను," అంది మూతి తుడుచుకుని.

"మరి... కొండబాబు?"

"పిలవంగానే వచ్చేస్తాడాండీ కొండబాబు? ఎండాకాలంలో కబురెడితే వానాకాలంలో వస్తాడు. ఆ యాసిడ్ కబురంతా మీ నోటితో మీరే చెప్పాలని నేను కల్పించేనండి."

"నీకెలా తెలిసింది?"

"పెళ్లైన దగ్గర్నుంచీ ఇన్వర్టర్ మొహం చూడని మనిషి, వారం రోజుల్నుంచి పొద్దున్నా సాయంత్రం దాని పక్కన గొంతుక్కూర్చుని పలకరిస్తంటే అనుమానం రాదాండీ? నాకు కాలు నొప్పి చేసినప్పుడు కూడా అన్నిసార్లు పలకరించలేదు మీరు. దానికి తోడు నీళ్ల క్యాన్‌కి పీచొకటి. నేను చూడకపోయినా చూడమని మీరే గుర్తు పెట్టేరు."

గంగబాబు లేచి కూర్చుని బుర్ర గోక్కున్నాడు. "మరి నాకు ఎక్కిందేంటమ్మా?"

"పచ్చిమిరపకాయ అన్నయ్యగారూ."

మాస్టారి మొహం మెల్లమెల్లగా తెల్లబోయింది. "అంటేనండీ... ఆ పులుసు మాట నేను తెలివిలో ఉండే అన్నానాండీ?"

"ఆయ్. మేరీగారికి నేనేం చెప్పన్లెండి," అంది భవానీదేవి. "మీరు రోజూ ఆవిడ పెట్టిన పులుసు తిని బాగుందంటే చాలు."

ప్రసాద్ తడి కళ్లతోనే గంగబాబుని గట్టిగా కౌగలించుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అసలు ప్రశ్న గుర్తొచ్చింది. "ఇంతకీ నా వోడ్కా ఏదే?"

భవానీదేవి కిటికీ కేసి చెయ్యి చూపించింది. సాయంకాలపు ఎండ అద్దాల మీద పడి గదంతా వెలిగిపోతోంది.

"దాంతో తుడిస్తే మరక ఉండదంటండి. మీ ఒక్కరికేనా ఫోన్‌లో వీడియోలొచ్చేది?"

మళ్లీ ఆదివారం వచ్చింది. మేడమీద గదిలో ఆడవాళ్లు సినిమా చూసి వాదించుకుంటున్నారు. గంగబాబు గొంతు వాళ్ల గొంతుల ముందు ఏ మూలకీ రాదు. మగాళ్లు ముగ్గురూ కింద వంటింట్లో ఉన్నారు. గంగబాబు అల్లం దంచుతున్నాడు. మాస్టారు నిమ్మకాయలు పిండుతున్నారు. ప్రసాద్ ఏ గ్లాసు ఎవరికో సరిచూసుకుంటున్నాడు. ఈసారి ఏ క్యాన్‌లోదీ కలపడం లేదు.

"కన్నీటికుండలో ఉప్పు చాల్లేదంటున్నారండీ మేరీగారు!" అని పైనుంచి కేక వచ్చింది.

"చాలకపోడమేంటి? నేను పిండేటప్పుడే సగం ఉప్పు నా కళ్లలోంచి పడింది," అని మాస్టారు గొణుక్కున్నారు.

ప్రసాద్ ట్రే పట్టుకుని పైకి వెళ్లాడు. తన గది, తన టీవీ, గుమ్మంలో తను. భవానీదేవి గ్లాసు అందుకుని ఓ గుక్క తాగి, బాగుందన్నట్టు తలూపింది. ఆ పాటి మెచ్చుకోలుకే అతని ప్రాణం లేచొచ్చింది.

"ఏవండీ," అంది ఆవిడ ప్రేమగా. "అద్దాల మీద మళ్లీ దుమ్ము పడిపోయిందండి. రేపు షాపునుంచి వచ్చేటప్పుడు ఆ వోడ్కా సీసా ఇంకోటి పట్టుకురండి."

ప్రసాద్ చెవుల్ని ప్రసాదే నమ్మలేకపోయాడు. మొహం చాటంత చేసుకుని, "తప్పకుండానే!" అన్నాడు.

"ఆయ్. సీలు తియ్యకుండా తెండేం," అంది భవానీదేవి. "గుడ్డ మాత్రం ఇంట్లోనే ఉంది. తుడిచేది మీరే కదా."