అద్దాల పెట్టెలో బాబా

సోమవారం పొద్దున రామలు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య ముత్యాలమ్మ రివియేర్ దు రాంపార్‌లో ఉన్న చెల్లెలి పురిటికి వెళ్ళింది. శుక్రవారం సాయంత్రం దాకా రాదు. ఈలోగా టేర్ రూజ్‌లోని తన ఇంటి పెరట్లో ఉన్న సన్నికల్లుని, మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో తాను గుమాస్తాగా పనిచేసే మ్యూజియంకి తీసుకెళ్ళాలి. మంగళవారం ప్రారంభోత్సవంలో పెద్దలకి చూపించాలి. బుధవారం తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టెయ్యాలి. శనివారం ఇంట్లో రామభజన. ముత్యాలమ్మ వచ్చి పప్పు రుబ్బుకునే వేళకి రాయి ఏమీ ఎరగనట్టు పెరట్లో పడి ఉంటుంది.

ఇదంతా మదాం మిషెలిన్ వల్ల వచ్చింది. 1963లో, గవర్నరుగారి బొమ్మ ఇంకా ప్రతి ఆఫీసు గోడ మీదా ఉన్న రోజుల్లో, రేవు వెనక వీధిలో పాత చక్కెర గిడ్డంగిని బాగుచేసి పెట్టిన ఆ చిన్న చరిత్ర మ్యూజియంకి ఆవిడ అధికారిణి. ఏటా సెప్టెంబరులో "వసంత, వేసవి కార్యక్రమాలు" అని ఒక పత్రం అచ్చు వేయించేది. సెప్టెంబరులో వసంతం వస్తుందని భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న ఆ ద్వీపంలో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. మిగతా జనానికి ఉన్నవి రెండే కాలాలు, తుఫాన్లు వచ్చేదీ రానిదీ. కార్యక్రమాలకి జనం కూడా రెండు కాలాల్లోనూ వచ్చేవారు కాదు. ఈసారీ ఎవరూ రాకపోతే కార్యక్రమాలే ఎత్తేస్తామని కమిటీ చెప్పేసింది. కార్యక్రమాలు లేకపోతే వాటిని టైపు చేసే గుమాస్తా కూడా అక్కర్లేదని రామలుకి ఎవరూ చెప్పలేదు గాని, అతనికి అర్థమైంది.

ఈ ఏడు మదాం ఒక్కో జాతివారి తాతముత్తాతల ఇంటి సామాను చూపించాలని నిశ్చయించింది. అన్ని బల్లలూ నిండాయి. "తెలుగువారు" అని చీటీ అంటించిన బల్ల ఒక్కటే ఖాళీగా ఉంది. ఆ బల్ల నింపే పూచీ నాదని రామలు నెల రోజులుగా చెబుతూ వచ్చాడు. ఊళ్ళో పెద్దలందరికీ ఉత్తరాలు రాస్తే వచ్చింది ఒక్క గొడుగు పిడి. అది కూడా తెలుగువాళ్ళదని గట్టిగా చెప్పగలిగినవాళ్ళు లేరు.

అందుకే సన్నికల్లు మీద చెయ్యి వేశాడు. అది ముత్యాలమ్మ అమ్మమ్మ తల్లిది. చెరకు తోటలో కూలికి వచ్చిన మొదటి ఏడాదే చెక్కించుకున్న నల్లరాయి. మారిషస్‌లో సన్నికల్లుని రోష్ కారి అంటారు. దానిమీద దొర్లించే పొత్రాన్ని బాబా అంటారు. క్రియోల్ భాషలో పసిబిడ్డనీ బాబా అనే అంటారు. తల్లి ఒళ్ళో బిడ్డలా రాయి మీద పడుకుని ఉంటుంది కాబట్టి పొత్రానికీ ఆ పేరే పడింది.

ప్రారంభోత్సవం బాగానే జరిగింది. మొత్తం పదకొండుమంది వచ్చారు, అందులో తొమ్మిదిమంది కమిటీవాళ్ళు. బుధవారం రామలు గోనెసంచీ తెచ్చుకుని మదాం గదిలోకి వెళ్ళాడు.

"రాయి తీసుకెళ్ళిపోతాను మదాం."

"ఎక్కడికి?"

"ఇంటికండి. చూపించడం అయిపోయింది కదా."

మదాం కార్యక్రమ పత్రం రెండో పేజీ తిప్పి వేలు పెట్టి చూపించింది. ప్రదర్శన మార్చి నెలాఖరు వరకు. "రిజిస్టరులో ఎక్కింది మిస్యే రామలు. రాయి నలభై ఏడు ఎ, బాబా నలభై ఏడు బి. కమిటీ సంతకం లేకుండా గడప దాటదు. కమిటీ మళ్ళీ ఏప్రిల్‌లో కూర్చుంటుంది."

ఆ పత్రం టైపు చేసింది రామలే. టైపు చేసేవాడు చదవాలని అతనికెప్పుడూ తోచలేదు.

గురువారం సాయంత్రం ఇంకో పిడుగు పడింది. బిడ్డ తొందరపడి ముందే పుట్టడంతో ముత్యాలమ్మ ఒకరోజు ముందే ఇంటికి వచ్చేసింది. వచ్చిన ఐదు నిమిషాలకి పెరట్లోంచి కేక వినిపించింది.

"ఏమయ్యా! రోష్ కారి ఏదీ?"

"అదా... కక్కు కొట్టించడానికి మునుస్వామికిచ్చాను. బాగా నున్నగా అయిపోయింది కదా, రేపు ఇస్తానన్నాడు."

"నేనున్నప్పుడు మేకు కొట్టమంటే కొట్టవు. నేను లేనప్పుడు రాయికి కక్కు కొట్టించావా?"

ఆమె మాట విసురుగా ఉంది గాని, ముఖం మెచ్చుకున్నట్టు ఉంది. అబద్ధం కంటే ఆ మెప్పే రామలుని ఎక్కువ బాధపెట్టింది.

శుక్రవారం తెల్లవారుతూనే రాళ్ళు చెక్కే మునుస్వామి దగ్గరికి పరిగెత్తి కొత్త సన్నికల్లు, కొత్త పొత్రం కొన్నాడు. మ్యూజియంలో రాయిని ఉంచిన అద్దాల పెట్టెలో కొత్తది పెట్టి పాతది ఇంటికి తేవాలని ఆలోచన. చూసేవాళ్ళకి రాయి రాయే. రెండింటినీ గోనెసంచీలో కట్టి బస్సెక్కాడు. సంచీకి చిల్లు ఉందని మొదటి మలుపులోనే తెలిసింది. పొత్రం జారి, సీట్ల కింద దొర్లుకుంటూ ముందుకు పోయి, డ్రైవరు మడమ దగ్గర ఆగింది. బస్సు కూడా ఆగింది.

"ఎవరిదిది?" అని కండక్టరు అరిచాడు.

"నాదే. నా బాబా."

"బాబా అయితే ఒళ్ళో పెట్టుకో!"

పోర్ట్ లూయిస్ దాకా రామలు దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

మ్యూజియం గుమ్మంలో కాపలాదారు పియర్ సంచీ దింపడానికి చెయ్యి అందించాడు. ఏముందో చూశాడు, సంతోషం పట్టలేక "మదాం! మిస్యే రామలు ఇంకోటి తెచ్చాడు!" అని కేక పెట్టాడు. మదాం పరుగున వచ్చింది. రామలు నోరు తెరిచేలోగా అతని రెండు చేతులూ పట్టుకుంది.

"జత! ఒకటి అరిగినది, ఒకటి అరగనిది! మీ కుటుంబం ఎంత ఉదారమైనది మిస్యే రామలు!"

పావుగంటలో కొత్త రాయి నలభై ఎనిమిది ఎ అయింది, కొత్త పొత్రం నలభై ఎనిమిది బి అయింది. నాలుగింటినీ అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. మ్యూజియంలో ఇప్పుడు రెండు రోష్ కారీలు, రామలు ఇంట్లో ఒక్కటీ లేదు.

అక్కడ టేర్ రూజ్‌లో ముత్యాలమ్మ రాయి కోసం చూసి చూసి విసిగిపోయింది. నానబెట్టిన పప్పు గిన్నె చంకన పెట్టుకుని, ఇరుగింట్లో రుబ్బుకుందామని బయల్దేరింది. భజనకి వచ్చే యాభైమందికీ గాతో పిమా వెయ్యాలి. పప్పు రుబ్బి పచ్చిమిరప కలిపి వేయించే ఆ చిన్న వడలు లేకపోతే భజన మాస్టరు వెంకయ్యకి గొంతు పెగలదు. దారిలో మునుస్వామి ఎదురయ్యాడు.

"కక్కు కొట్టడం అయిందా మావా?"

"కక్కేమిటమ్మా? మీ ఆయన పొద్దున్నే కొత్త రాయి కొన్నాడుగా. మ్యూజియంకి అంటూ బస్సెక్కాడు."

ముత్యాలమ్మ ఇంటికి తిరిగి వెళ్ళలేదు. గిన్నె చంకన ఉండగానే వచ్చిన బస్సెక్కేసింది.

పదకొండు గంటలకి మ్యూజియంలో అడుగుపెట్టి, అద్దాల పెట్టె ముందు నిలబడి, తన రాయి మీద తెల్లరంగుతో వేసిన అంకెలు చూసింది. "పెట్టె తియ్యండి" అంది. మదాం రిజిస్టరు చూపించింది. రామలు గోడ చూశాడు. ముత్యాలమ్మ విసురుగా వీధిలోకి వెళ్ళి, నడిరోడ్డు మీద నిలబడి, ఊరంతటికీ అర్థమయ్యే భాషలో ఏడుపు అందుకుంది.

"మో బాబా! నా బాబాని పెట్టెలో పెట్టి తాళం వేశారు!"

బజారులో కూరలమ్మే జీనెట్ మొదట విన్నది. "పసిబిడ్డని పెట్టెలో పెట్టారట!" అని పక్క దుకాణానికి చెప్పింది. పక్క దుకాణం బజారుకి చెప్పింది. నిమిషాల్లో వంద మంది చేరారు. పియర్ భయపడి మ్యూజియం తలుపు మూశాడు. దాంతో మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

కానిస్టేబులు ఒకడు జనాన్ని తోసుకుంటూ వచ్చి నోటుపుస్తకం తీశాడు.

"బాబాని ఎవరు తీసుకెళ్ళారమ్మా?"

"మా ఆయనే!"

"ఎప్పుడు?"

"సోమవారం. నేను ఇంట్లో లేకుండా చూసి!"

"ఒంటి మీద గుర్తులేమైనా ఉన్నాయా?"

"ఇన్నాళ్ళూ ఏమీ లేవయ్యా. ఇప్పుడు పొట్ట మీద నంబరు వేశారు!"

జనం అయ్యో అని గొల్లుమన్నారు. జీనెట్ వంకాయ ఒకటి చేతిలోకి తీసుకుంది.

"తిండి పెట్టి ఎన్నాళ్ళయింది?" అని కానిస్టేబులు అడిగాడు. అతనికీ ఇంట్లో ఇద్దరు పసిపిల్లలున్నారు.

"నీళ్ళు తగిలి ఐదు రోజులైంది!"

"మామూలుగా ఏం పెడతారు?"

"మిరపకాయలు, పసుపు, వెల్లుల్లి."

పెన్సిలు ఆగింది. "వయసెంతమ్మా బాబాకి?"

"మా అమ్మమ్మ పుట్టక ముందుది."

కానిస్టేబులు నోటుపుస్తకం మూశాడు. తరవాత తలుపు తట్టి లోపలికి వెళ్ళాడు. పెట్టె చూశాడు. రామలుని చూశాడు. రామలు నమస్కారం పెట్టాడు.

అయితే వ్యవహారం అక్కడితో తేలలేదు. కానిస్టేబులు నోటుపుస్తకంలో పేజీలకి అంకెలుంటాయి. రాసిన పేజీ చింపకూడదు, కొట్టెయ్యకూడదు. "బాబా తప్పిపోయినట్టు రాసేశాను మదాం. ఇప్పుడు దొరికినట్టు రాయాలి. తల్లికి అప్పగించినట్టు కూడా రాయాలి. లేకపోతే సార్జెంటుకి నేనేం చెప్పను?"

మదాం మిషెలిన్ జీవితంలో మొదటిసారి తనలాంటి మనిషిని చూసింది. ఇద్దరూ రిజిస్టరూ నోటుపుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని అరగంట చర్చించారు. చివరికి ఒప్పందం కుదిరింది. నోటుపుస్తకంలో ఉన్నది బాబా మాత్రమే కనక బాబా తల్లికి, రాయి గురించి పోలీసులకి ఫిర్యాదు లేదు కనక రాయి మ్యూజియంకి.

"రాయి లేకుండా పొత్రం ఏం చేసుకోవాలండీ?" అని రామలు అడిగాడు.

ముత్యాలమ్మ పొత్రం గుండెకి హత్తుకుని, పప్పు గిన్నె వైపు చూసుకుంది. ఎండకి పప్పు పులిసేలా ఉంది.

"మదాం, రాయి బయటికి పోకూడదు. అంతేగా?"

"అంతే."

"నేను లోపల కూర్చోకూడదని రాసుందా?"

మదాం రిజిస్టరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పింది. రాసి లేదు.

పియరూ కానిస్టేబులూ కలిసి రాయిని నేల మీదికి దించారు. ముత్యాలమ్మ చీర కుచ్చెళ్ళు సర్ది కూర్చుని, రాయి కడిగి, పప్పు వేసి నలపడం మొదలుపెట్టింది. బిడ్డ సంగతి తేల్చుకోవడానికి జనం లోపలికి తోసుకొచ్చారు. పియర్ అలవాటు ప్రకారం అందరిచేతా సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టించాడు. జీనెట్ పచ్చిమిరపకాయలు తెచ్చి పడేసింది. "ఇంకాస్త మెత్తగా తిప్పు" అని ఒకామె, "వద్దు, బరకగా ఉంటేనే రుచి" అని ఇంకొకామె వాదులాడుకున్నారు. ఒక ముసలాయన తన తల్లి ఇలాగే కూర్చునేదని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. మదాం అందరినీ తరిమెయ్యాలనే బయల్దేరింది గాని, దారిలో సందర్శకుల పుస్తకం మీద ఆవిడ చూపు పడింది. గంటలో రెండువందల పద్నాలుగు సంతకాలు. కిందటి వసంతమూ వేసవీ కలిపితే అరవై.

సాయంత్రం మదాం రామలు చేత కొత్త పత్రం టైపు చేయించింది. "ప్రతి శుక్రవారం, పూర్వీకుల వంట పనిముట్లు, ప్రత్యక్ష ప్రదర్శన, మదాం ముత్యాలమ్మగారిచే." ఈసారి రామలు ప్రతి అక్షరమూ చదివాడు. తన పేరు ఎక్కడా లేదు.

భజన బ్రహ్మాండంగా జరిగింది. కార్యక్రమాలూ నిలిచాయి, గుమాస్తా ఉద్యోగమూ నిలిచింది. వేసవి అంతా ముత్యాలమ్మ శుక్రవారం శుక్రవారం పొత్రాన్ని గిన్నెలో పెట్టుకుని బస్సెక్కేది. మ్యూజియంలో కారం, చట్నీ, మసాలా వారానికని నూరుకుని వచ్చేది. బడిపిల్లలు వచ్చేవారు, పత్రికవాళ్ళు ఫోటో తీశారు. ఇంట్లో మాత్రం మంగళవారానికే చట్నీ అయిపోయేది. మిగతా మూడు రోజులూ రామలు వట్టి అన్నంలో పెరుగు కలుపుకుంటూ ఏప్రిల్ కోసం రోజులు లెక్కపెట్టాడు.

ఏప్రిల్‌లో కమిటీ కూర్చుంది. రామలు ముందే టైపు చేసి ఉంచిన కాగితం మీద అధ్యక్షుడు సంతకం పెట్టాడు. నలభై ఏడు ఎ యజమానులకి తిరిగి ఇవ్వవచ్చు. రామలు ఎద్దుబండి మాట్లాడి, గడ్డి పరిపించి, దానిమీద పాత దుప్పటి కూడా వేయించి, మ్యూజియం గుమ్మం ముందు నిలబెట్టాడు. ముత్యాలమ్మ లోపల్నుంచి వచ్చి బండిని చూసింది.

"ఇదెందుకు?"

"రాయి ఇంటికి తీసుకెళ్ళడానికి! సంతకం అయింది ముత్యాలూ!"

"వద్దు. ఇక్కడే ఉండనీ."

"నీ అమ్మమ్మ తల్లిది కదే! దీనికోసమే కదా పోలీసుల్ని కూడా తెచ్చావు!"

"తెచ్చానయ్యా, కాదన్నానా? ఇంట్లో పాతికేళ్ళు నూరాను. ఒక్కరోజైనా ఒక్కడైనా వచ్చి చూశాడా? నువ్వు చూశావా?"

రామలు బండివాణ్ణి తిరిగి పొమ్మన్నాడు. బండివాడు గడ్డి దులుపుకుని వెళ్ళిపోయాడు. ముత్యాలమ్మ లోపలికి వెళ్ళి తన కోసం ఎదురుచూస్తున్న బడిపిల్లల ముందు కూర్చుంది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, గవర్నరుగారి బొమ్మ గోడ దిగింది, మదాం మిషెలిన్ ఉద్యోగం విరమించింది. రామలు ఇంట్లో చట్నీ మాత్రం ఇప్పటికీ శుక్రవారమే, అదీ సందర్శన వేళల్లో.