గిటారుకు తగిన చేతులు

కొత్తవంతెన పట్టణంలో గిటారు కొనదలచినవారు ముందుగా తమ రెండు చేతులనూ మణికట్టు దగ్గర ఊడదీసి, వాయిద్యాల భవనం మొదటి కౌంటరులో అప్పగించాలి. కుడిచేతిని ఎడమచేత్తో ఎవరికి వారే ఊడదీసుకోగలరు. మిగిలిన చేతిని తీయడానికి మరొకరి సాయం కావాలి కనుక మునిసిపాలిటీ వారు అక్కడ ఒక అటెండరును నియమించారు. గాజులు, ఉంగరాలు ఇంటి దగ్గరే తీసిపెట్టి రావాలి. పోతే కౌంటరు పూచీపడదు.

ఈ నియమానికి కారణం లేకపోలేదు. గిటారు కొనేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటో తేల్చడం చిన్న విషయం కాదు. చెక్క ముఖ్యమా, తీగలా, మెడ వెడల్పా, రంగా అన్నది పూర్వం కొనేవారే తేల్చుకునేవారు. దానివల్ల ఒక్కొక్కరు ఒక్కొక్క రకం గిటారు కొని, ఎవరి పాట వారు వాయించుకునే పరిస్థితి వచ్చింది. విచారణ జరిపిన అధికారులకు దోషం చేతుల్లో కనిపించింది. రేపు వాయించబోయేవి చేతులే కనుక ఈ బేరంలో వాటికి స్వప్రయోజనం ఉంది. స్వప్రయోజనం ఉన్నవారు నిర్ణయం జరిగే చోట ఉండకూడదన్నది ఏ ఆఫీసులోనైనా ఉన్న పద్ధతే. అందుచేత చేతులను బయట ఉంచి, గిటారుతో ఏ సంబంధమూ లేనివారితో కమిటీ వేయడం మొదలుపెట్టారు.

చెప్పులు కొనే ఆడవాళ్ళు పాదాలనూ, అద్దం కొనేవారు ముఖాన్నీ ఇదే పద్ధతిలో అప్పగిస్తారు. వంటగిన్నెలు, చీపుళ్ళు, రోళ్ళు కొనేటప్పుడు మాత్రం చేతులు తీయనక్కరలేదు. అక్కడ చేతుల అనుభవం అవసరమని ఉత్తర్వులో రాశారు. మగవారు మోటారు సైకిలు కొనడాన్ని అత్యవసరాల కింద చేర్చి, మొత్తంగా మినహాయించారు.

దయామణి హాస్టల్లో వంటమనిషి. యాభై దాటింది. భర్త పోయి చాలాకాలమైంది. చర్చిలో ముందు వరుసలో కూర్చుని, గిటారు వాయించే శాంతకుమారి టీచరు ఎడమచేతిని చూస్తూ చూస్తూ దయామణి పాస్టరు ప్రసంగం వినడం మానేసింది. కొన్నాళ్ళకు టీచరే పిలిచి, ఆదివారం మధ్యాహ్నాలు తన గిటారు ఆమె ఒళ్ళో పెట్టి నేర్పించింది. దయామణికి నాలుగు పాటలు వచ్చాయి. ఐదోది సగంలో ఉండగా టీచరుకు బదిలీ అయింది. ఆమెతోపాటు గిటారూ వెళ్ళిపోయింది. మిగతా సగం పాట దయామణి వేళ్ళలో ఉండిపోయి, పప్పు ఎనుపుతున్నప్పుడు కూడా కదులుతూ ఉండేది. గిటారు కొనాలని ఆమె అనుకున్నది ఆ సగం పాట కోసం.

ఆమెవి పొట్టి వేళ్ళు. తీగలు చెక్కకు దగ్గరగా ఉంటేనే నొక్కగలదు. గిటారు మెడ సన్నగా ఉండాలి. పొట్ట చిన్నదైతేనే కుడిచెయ్యి దాని మీదుగా తీగలకు అందుతుంది. వాయిద్యాల భవనం అద్దాల వెనక, కింది వరసలో, అచ్చంగా అటువంటిదే ఒకటి ఉంది. అంచు దగ్గర గీత పడినందువల్ల దాన్ని ఎవరూ అడగడం లేదు. దయామణి చాలాసార్లు అద్దం మీద చెయ్యి ఆనించి దాన్ని కొలుచుకుంది. సరిపోయింది.

కమిటీలో ముగ్గురు ఉంటారు. మొదటివాడు కుటుంబ పెద్ద. భర్త లేని స్త్రీ తరఫున భర్త తమ్ముడు కూర్చుంటాడు. కూర్చోవడానికి అతనికి ఇష్టమైతే చాలు, ఆమెను అడగనక్కరలేదు. ఆ విధంగా సిమెంటు కొట్టు జకరయ్య వచ్చాడు. రెండోవాడు భవనం మేనేజరు. మూడోవాడు నిష్పాక్షిక సభ్యుడు గవర్రాజు గారు. తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. జన్మలో ఏ వాయిద్యాన్నీ ముట్టుకోకపోవడం ఆయన అర్హత. ఒకసారి మనవరాలి గిలక్కాయ ఎత్తినందుకు సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాడు.

కౌంటరు దగ్గర అటెండరు పోలయ్య తడిగుడ్డ పరిచి సిద్ధంగా ఉన్నాడు.

"కుడిది మీరే తియ్యండమ్మా. ఎడంది నే తీస్తా."

"నొప్పెడుతుందా?"

"మొదటిసారి ఆడాళ్ళందరూ అడుగుతారు. రెండోసారి ఎవళ్ళూ అడగరు."

కుడిచెయ్యి తేలిగ్గానే వచ్చింది. ఊడిన తరువాత కూడా ఎడమచెయ్యి పోలయ్య బొటనవేలిని వదల్లేదు.

"గట్టి పట్టేనండీ బాబూ. వదలమని చెప్పండి దానికి."

"చెప్తే వినడానికి దానికి చెవులున్నాయా?" అంది దయామణి.

పోలయ్య నవ్వి, వేలు విడిపించుకుని, రెండు చేతులనూ అరలో పక్కపక్కనే పెట్టాడు. టోకెను పట్టుకోవడానికి ఆమెకు చేతులు లేవు కనుక దాన్ని దారంతో మెడలో వేశాడు.

కమిటీ గదిలో ఫ్యాను తిరుగుతోంది. దయామణిని గోడ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"మొదటి అంశం. గిటారులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటి?"

"కనపడాలండి," అన్నాడు జకరయ్య. "చర్చిలో ఆఖరు బెంచీలోవాడికి కూడా కనపడాలి. అదిగో జకరయ్య గారింటి గిటారు అనుకోవాలి."

"బరువుండాలి," అన్నాడు గవర్రాజు గారు. "తేలిక వస్తువు కొన్నవాడు మోసపోయినట్టే. నా సర్వీసంతా అదే చూశాను."

"కవరు కూడా రాసుకుందామండి," అన్నాడు మేనేజరు. "జిప్పు బాగుంటే లోపలిదీ బాగున్నట్టే."

"వాయించేది నేను," అంది దయామణి. "నా వేళ్ళకి అందాలి గదా."

మేనేజరు మర్యాదగా ఆమె వైపు తిరిగాడు.

"మీరు మాట్లాడకూడదని ఎక్కడా లేదమ్మా. శుభ్రంగా మాట్లాడొచ్చు. లెక్కలోకి రాదు, అంతే."

"ఏంటి వదినా నువ్వు," అన్నాడు జకరయ్య. "నీ మంచికేగా మేం కూర్చుంది. పొద్దున్నించి కొట్టు మూసుకుని వచ్చాను."

"మూసుకుని రమ్మని నేనన్నానా జకరయ్యా? ఆ కింది వరసలోది, గీత పడింది, దాన్నొకసారి చూడండి. చూడటానిక్కూడా ఏం వచ్చింది మీకు?"

గవర్రాజు గారు లేచి వెళ్ళి, నడుము మీద చేతులు వేసుకుని, వంగి చూసి వచ్చాడు.

"గీత ఉంది. తేలిక. పైగా ఆవిడకి నచ్చింది."

మూడు అభ్యంతరాలలోనూ చివరిదే గట్టిదని కమిటీ అభిప్రాయపడింది. ఏ గిటారైనా సరే ఒకసారి మోగించి చూడమని దయామణి అడిగింది. మోగించిన చేతికి ఇష్టాయిష్టాలు పుడతాయని మేనేజరు వివరించాడు. గవర్రాజు గారు ముందు జాగ్రత్తగా తన చేతులను తొడల కింద పెట్టుకున్నాడు.

తేలిన తరువాత బయటికి తెచ్చిన గిటారు ఎర్రటిది. దాని అంచంతా బంగారు రంగు లతలు. నిలబెడితే దయామణి రొమ్ము దాకా వచ్చింది. తీగలకూ చెక్కకూ మధ్య అగ్గిపెట్టె దూరుతుంది. కవరు జిప్పు మాత్రం నిజంగానే మంచిది.

"మొదట ఎవరి చేత్తో మీటిద్దాం?" అన్నాడు మేనేజరు. "హస్తవాసి కూడా చూడాలి. ఆవిడ చూస్తే, భర్త పోయిన మనిషి..."

"మాకలాంటి పట్టింపులు లేవండి. మేం నమ్మం," అన్నాడు జకరయ్య. తరువాత కొంచెం ఆలోచించాడు. "కాని ఊళ్ళో నలుగురితో కలిసి బతకాలి గదా. నేనే మీటుతాలెండి."

అతను మీటాడు. రేకు బకెట్టు మెట్ల మీద దొర్లినట్టు మోగింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. దయామణికి ఒళ్ళు మండిపోయింది. బల్ల మీద దబ్బున గుద్దాలనిపించింది. గుద్దడానికి ఏమీ లేకపోవడంతో కమిటీ ప్రశాంతంగా సంతకాలు చేసింది.

చేతులు తిరిగి పెట్టించుకున్నాక ఆమె గిటారును ఒళ్ళోకి తీసుకుంది. కుడిచెయ్యి ఆ పొట్టను దాటి తీగల దాకా వెళ్ళలేక మధ్యలో ఆగిపోయింది. ఎడమచేతి వేళ్ళు మెడ చుట్టూ సగం దూరమే వచ్చాయి. ఒక్క తీగను నొక్కడానికి రెండు వేళ్ళు వేయాల్సివచ్చింది. అప్పుడు కూడా అది దిగలేదు. దయామణి గిటారును నేల మీద పెట్టి ఫిర్యాదుల గదిలోకి నడిచింది. అక్కడా మేనేజరే కూర్చున్నాడు. కుర్చీ వేరు.

"ఇది నాకు సరిపోదు. ఆ చిన్నది ఇప్పించండి."

"గిటారు సరిపోయిందమ్మా. కమిటీ తేల్చింది గదా. సరిపోనివి మీ చేతులు."

"చేతులు నాతో పుట్టినయ్యి!"

"అదేనమ్మా ఇబ్బంది. వాటిని ఎంచేటప్పుడు కమిటీ లేదు."

దయామణి గొంతు భవనమంతా వినపడింది.

"ఈ చేతుల్తో హాస్టల్ పిల్లలందరికీ ఇన్నేళ్ళు వండి పెట్టాను. ఆయన మంచాన పడితే ఈ చేతుల్తోనే ఎత్తి కూర్చోబెట్టాను. అప్పుడొక్కళ్ళు కూడా సరిపోలేదన్లేదే! గంజి వార్చడానికి సరిపోయినయ్యి, గుడ్డలు పిండటానికి సరిపోయినయ్యి. నాకోసమని ఒక్క వస్తువు అడిగేసరికి పొట్టివైపోయాయా? మీ ముగ్గురిలో తీగ ముట్టుకున్నవాడు ఎవడయ్యా? నా ఒళ్ళోకి వచ్చేదాన్ని తేల్చడానికి నన్ను గోడకి కూర్చోబెడతారా?"

వరసలో నిలబడ్డ ఒకావిడ జాలిగా దగ్గరికి వచ్చింది.

"అరవకండి పిన్నిగారూ. మా కోడలిక్కూడా చేతులు మార్చారు. మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు ఎంచక్కా ఉంది."

"వాయిస్తోందా?"

"అబ్బే, లేదండి. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. చూట్టానికి ఎంత బాగుంటుందో."

గిటారూ వద్దు ఏమీ వద్దు, తన చేతులతో తాను ఇంటికి పోతానని దయామణి గుమ్మం వైపు నడిచింది. అది కుదరదని మేనేజరు చెప్పాడు. ఒకసారి తగనివని తేలిన చేతులు భవనానికి చెందుతాయి. ఆమె రెండు చేతులనూ పైట కింద దాచుకుంది. పోలయ్య పైట తొలగించకుండా, చాలా గౌరవంగా, బయటినుంచే తడిమి తీశాడు. ఈసారి ఎడమచెయ్యి అతని వేలు పట్టుకోలేదు.

ఆమెకు కేటాయించిన చేతులు సభాధ్యక్షుడుగా పేరుపొంది కాలం చేసిన ఒక పెద్దమనిషివి. పొడుగాటి వేళ్ళు. వాటికి దండ వేయడం, రిబ్బను కత్తిరించడం, నమస్కారం పెట్టడం బాగా వచ్చు. ఎర్ర గిటారు ఆ చేతుల్లో అతికినట్టు అమరింది. మేనేజరు ఫొటో తీయించాడు. ఆ వేళ్ళకు పాటలేవీ రావని దయామణి చెప్పింది. పాట రావాలన్నది అంశాల్లో లేదని గవర్రాజు గారు గుర్తుచేశాడు.

తగనివిగా తేలిన చేతులను భవనం వారు పారేయరు. అవసరమున్న ఇళ్ళకు ఇస్తారు. దయామణి చేతుల పనితనం ఊరంతా తెలిసిందే కనుక చాలామంది అడిగారు. కమిటీలో కూర్చున్నవారికి మొదటి హక్కు ఉంటుంది. కొట్టు మూసుకుని వచ్చినందుకు జకరయ్యకు ఆ మాత్రం న్యాయం జరిగింది.

మరుసటి ఆదివారం చర్చి అయ్యాక అందరూ జకరయ్య ఇంటికి వచ్చారు. దయామణి హాలు మధ్యలో కుర్చీలో గిటారు పట్టుకుని కూర్చుంది. ఎంత హుందాగా ఉందో అని వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా చేతులు వాటంతట అవే జోడించుకుని నమస్కారం పెట్టాయి. ఒకరు వాయించమని అడగబోతే పక్కనున్నవారు మోచేత్తో పొడిచి ఆపారు.

"టీ వంటింట్లో ఉంది, తెచ్చుకో అక్కా," అంది జకరయ్య భార్య ప్రిసిల్లా. "నేను వచ్చినవాళ్ళని చూసుకోవాలి."

దయామణి వంటింట్లోకి వెళ్ళింది. గట్టు మీద గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. ఆమె పాత చేతుల్లో ఒకటి గ్లాసు పట్టుకుంటే రెండోది టీ వడగడుతోంది. కుడి బొటనవేలి మీద కాలిన మచ్చ అలాగే ఉంది. ఎడమచేతి గోళ్ళు అరిగిపోయాయి. టీ నిండాక గ్లాసు అంచు తుడిచి, వేడి తగలకుండా చిన్న గుడ్డముక్క చుట్టి, ఆమె వైపు జరిపాయి.

"థాంక్స్," అంది దయామణి.

చేతులు కదలకుండా గట్టు మీద ఉండిపోయాయి. ఇంతకాలంగా ఎన్ని గ్లాసులు అందించినా ఆ మాట వాటివైపు వచ్చింది ఇప్పుడే.

గుమ్మంలో ప్రిసిల్లా నిలబడి ఉంది.

"వాటికి అలవాటు చెయ్యకక్కా," అంది గొంతు తగ్గించి. "ఇవాళ నువ్వన్నావంటే రేపు మేమూ అనాల్సొస్తుంది."

దయామణి నిజమేనన్నట్టు తల ఊపి, టీ తీసుకుని హాల్లోకి వెళ్ళింది.