నల్లమూతి గొర్రె

...అసలు తెరమీద మనిషి ఏం చూస్తాడు? తీసినవాడు చూపించిందా, తను చూడాలనుకున్నదా? ఈ ప్రశ్న రెండేళ్లుగా నన్ను తొలుస్తోంది. నేను తన చెవులు తొలుస్తున్నానని నా భార్య మల్లీశ్వరి అంటుంది.

మా అత్త బీరమ్మ గొర్రెల మంద మీద డాక్యుమెంటరీ తీశాను. పదకొండు నిమిషాలు కెమెరా కదలదు. గొర్రెలూ పెద్దగా కదలవు. హైదరాబాద్‌లో వేస్తే ఇద్దరు నిద్రపోయారు, ఒకడు అద్భుతమన్నాడు. వాడు ఆలస్యంగా వచ్చాడు.

"ఇట్లాంటిది ఎవ్వరూ తియ్యలేదు" అన్నాను.

"ఎందుకు తియ్యలేదో సోచాయించినవా?" అంది మల్లీశ్వరి.

అందుకే రామన్నపేట దగ్గర అత్తగారి ఊళ్లో వేద్దామనుకున్నాను. గొర్రెలు కాసేవాళ్లు తెరమీద గొర్రెలను చూస్తే ముఖాలు ఎలా మారతాయి? తెర పక్కన ఫోన్ దాచి ఆ ముఖాలనే తీస్తాను. నా తర్వాతి సినిమా అదే.

"వద్దు. మావోళ్ల కండ్లు నీకు తెల్వయి."

"కళ్లున్నవాళ్లే కదా నాకు కావాల్సింది!"

"గదే నా ఫికర్."

ఆ ఆదివారం ముసురు పట్టి మందలు దొడ్లోనే ఉన్నాయి. సంఘం భవనం కిటికీలకు గొంగళ్లు కట్టి చీకటి చేశాం. మొదట అక్షరాలు పడ్డాయి: 'ఇందులో ప్రతి దృశ్యమూ ఉన్నది ఉన్నట్టు.' తర్వాత గొర్రెలు. ఒక్కరూ నిద్రపోలేదు. ముప్పై మంది ముందుకు వంగారు. నా గుండె పొంగింది.

"ఆగబెట్టు!" పక్క మంద కాసే పర్వతాలు అనే అతను లేచాడు. "గా నల్లమూతిది నాది. ఎడమ చెవికి రెండు గాట్లు. బీరక్క మందల ఎట్లున్నది?"

మళ్లీ వెయ్యమన్నారు. నాలుగుసార్లు వేశాను. నా సినిమాను ఎవరైనా రెండోసారి అడగడం అదే మొదలు.

"ఎండకాలంల ఒకదినం గిది కనవడక చెరువెంట చెట్టెంట తిరిగిన. నా తిరుగుడు సూసి ఇడిసిపెట్టినవా అక్కా?"

"నలభై ఏండ్ల సంది మంద కాస్తున్న. ఒకరి పిల్లను ముట్టింది లేదు!" అంది అత్త.

ఫ్రేములో ఎడమ పక్క బోసిగా ఉందని ఆ నల్లమూతిని పర్వతాలు మందలోంచి పట్టుకొచ్చింది నేనే. సాయంత్రం వదిలేశాను. నాకు గొర్రెలన్నీ ఒకటే. వీళ్లు ఒక్కోదాన్నీ మేనకోడలిని గుర్తుపట్టినట్టు గుర్తుపడతారని ఎందుకు తట్టలేదు?

ఒప్పుకుంటే నా మొదటి అక్షరాలు అబద్ధం. ఒప్పుకోకపోతే అత్త దొంగ. మనసు ఎంత వింతదంటే, ఇంతలోనూ నా కళ్లు దాచిన ఫోన్ వైపే పోయాయి.

మల్లీశ్వరి నా చెవి దగ్గరికి వంగింది. "ఫోన్‌ను నీ దిక్కు తిప్పిన."

"అయితే గొర్రె సంగతి నీకు తెలుసా?"

"మా అమ్మ మందల నల్లమూతి ఎన్నడున్నది? ఇంట్ల మొదటిసారి ఏసినప్పుడే ఎరుక. నువ్వు ఎప్పుడు చెప్తవో సూద్దామని ఊకున్న."

అందరి ముఖాలూ తీద్దామనుకున్నవాణ్ణి, నా ముఖం ఎలా ఉందో నాకే తెలియడం లేదు. అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

ప్రొజెక్టర్ ముందు కూర్చున్నవాణ్ణి, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా మెల్లగా చెయ్యి ఎత్తాను. ఆ చేతి నీడ వెళ్లి తెరమీద నల్లమూతి గొర్రెను పట్టుకుంది.