తాళంకప్పను మించిన పొరుగు లేదు

ఇల్లు కొనేది ఉండడానికి కాదు. ఈ ముక్క మీకు ఎంత త్వరగా తలకెక్కితే అంత త్వరగా బాగుపడతారు.

ఉండడానికి ఇల్లు కొనేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. గోడకు మేకులు కొడతారు. నేలమీద గిన్నెలు పడేస్తారు. పిల్లల్ని కంటారు, ఆ పిల్లలు రంగు పెన్సిళ్లతో గోడల మీద బొమ్మలు వేస్తారు. ఇక ఇంటి విలువ ఎలా నిలుస్తుంది? అదే ఇన్వెస్టరును చూడండి. కొంటాడు, తాళం వేస్తాడు, వెళ్లిపోతాడు. ఇల్లు అద్దాల బీరువాలో పెట్టిన గాజు గ్లాసులా మెరుస్తూ ఉంటుంది. ఆ గ్లాసులో ఎవరూ నీళ్లు తాగరు, అది వేరే సంగతి.

నీకెలా తెలుసమ్మా ఇవన్నీ అంటారేమో. నేను ఏజెంటుని. నవ్వకండి.

మా ఆయన పోయాకే నాకు అక్షరాలు వచ్చాయి. రాత్రిబడిలో చదువు చెప్పినావిడ వాచకం ఇచ్చింది గానీ, నాకు కూడబలుక్కోవడం అలవాటైంది మా వీధి బోర్డుల మీదే. 'ఫ్లాటు అమ్మబడును. బ్రోకర్లు రావద్దు.' ఆ రెండో వాక్యం చదివాక తెలిసింది, బ్రోకరంటే జనం అంతగా భయపడతారని. నాకు భయపడేవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. సరే, ఇదేదో బాగుందే అనిపించింది.

మా అంతస్తులో మూడు ఫ్లాట్లున్నాయి. ఒకటి నాది. ఎదురుగా ఉన్నది కుట్టుమిషను అక్కది. మూలనున్నది కట్టినప్పటి నుంచీ అమ్ముడుపోలేదు. అక్కా నేనూ పొద్దున్నే ఎవరి తలుపు వాళ్లం బార్లా తెరిచి, ఎవరి పని వాళ్లం చేసుకుంటూ, గుమ్మాల మీదుగా అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లం. ఆమె మిషను చప్పుడు ఆగితే నేను టీ పెట్టేదాన్ని. మోకాళ్లు మొరాయించాక అక్క చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఆ అమ్మకం పని నా మేనల్లుడికి వచ్చింది. వాడు రియల్ ఎస్టేట్ చేస్తాడు. తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అత్తా, నువ్వెలాగూ ఎక్కడికీ వెళ్లవు కదా. పార్టీ వస్తే తలుపు తియ్యి."

"వెళ్లనని నీకెవడు చెప్పాడురా?"

"వెళ్తావా?"

"వెళ్లననుకో."

కొత్తగా ఈ లైనులోకి వచ్చేవాళ్లు మొట్టమొదట గమనించాల్సింది ఇదే. ఏజెంటుకు కావలసిన మొదటి అర్హత, ఎక్కడికీ పోలేకపోవడం.

తర్వాత ట్రైనింగు. అదీ వాడే ఇచ్చాడు, గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా.

"లైట్లన్నీ వెయ్యి. కిటికీలు తెరువు. పార్టీ వంటగదిలోకి వెళ్లబోతే నువ్వు బాల్కనీ వైపు చూడు, వాళ్లూ అటే చూస్తారు. అన్నిటికంటే ముఖ్యం, నోరు తెరవకు."

"ఏదైనా అడిగితే?"

"మంచి గాలి, మంచి వెలుతురు అను."

"కొళాయి కారుతుందా అని అడిగితే?"

"మంచి గాలి, మంచి వెలుతురు."

"లిఫ్టు సంగతి?"

"అత్తా!"

బాగానే ఉంది. కానీ పొద్దున లేచింది మొదలు పాలపాకెట్టుతో తప్ప మాట్లాడని మనిషి దగ్గరికి, కొత్త మొహాలు పంపి, నోరు తెరవకు అంటే ఎలా కుదురుతుంది? రిటైరైన లెక్కల మాస్టారొకాయన వచ్చాడు. లిఫ్టుందా అని అడిగాడు. ఉంది గానీ, దాని మనసు బాగున్న రోజే పైకొస్తుందని చెప్పాను. కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. పైఅంతస్తులో ఎవరు స్నానం చేసినా మన పడకగది గోడలో ఏరు పారినట్టు వినిపిస్తుందని చెప్పాను. ఆ పిల్లకు అది కవిత్వంలా ఉంటుందనుకున్నాను. ఉండలేదు.

ఆ తర్వాత ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ వచ్చింది. వెంట భర్త, బస్సు డ్రైవరు. వాళ్ల పాప చెప్పులు విడిచి ఖాళీ హాల్లోకి పరిగెత్తి, మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. గోడలు తిరిగి చప్పట్లు కొట్టాయి. పాప పకపకా నవ్వి మళ్లీ కొట్టింది. అక్క వెళ్లాక ఆ ఇంట్లోంచి మా ఇంట్లోకి వచ్చిన మొదటి చప్పుడు అది. వస్తే వీళ్లే రావాలి అనుకున్నాను.

అలా అనుకున్నాను కాబట్టే వాళ్లకు నిజం కాస్త ఎక్కువ చెప్పాను. కావాలనుకున్న మనుషుల్ని మోసం చేస్తామా?

"వంటగది ఎలా ఉంటుంది ఆంటీ?" అంది నర్సమ్మ.

"వేసవిలో పొయ్యి వెలిగించక్కర్లేదమ్మా. పెనం గట్టుమీద పెడితే చాలు."

డ్రైవరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "రోజంతా వార్డులో నిలబడి వస్తాను ఆంటీ. మళ్లీ ఇంటికొచ్చి ఇందులో నిలబడాలంటే నావల్ల కాదు." వెళ్తూ వెళ్తూ నా ఫోన్ నంబరు తీసుకుంది. తన నంబరూ ఇచ్చింది. "ఇంత నిజం చెప్పే ఏజెంటుని నేనెక్కడా చూళ్లేదు" అంది.

నాకు మెడల్ వేసినట్టయింది. మెడల్ నా మెళ్లో ఉంది, పార్టీ మాత్రం మెట్లు దిగి వెళ్లిపోయింది.

"అత్తా, నువ్వు ఇల్లు చూపిస్తున్నావా, కోర్టులో సాక్ష్యం చెప్తున్నావా?" అన్నాడు మేనల్లుడు.

చివరికి ఫోన్లోనే కొనేశాడు ఒక పెట్టుబడాయన. వచ్చి చూసింది లేదు. మేనల్లుడు ఫోన్ నా చెవి దగ్గర పెడితే, ఉండబట్టలేక అడిగాను, "వంటగది ఒకసారి వచ్చి చూసుకుంటారా బాబూ? బాగా వేడండీ అది."

"వేడైతే ఏం అమ్మగారూ? అందులో ఎవరు వండుతారు?"

నా నిజాలన్నీ మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాను. కొత్త ఏజెంట్లారా, ఇది గుర్తు పెట్టుకోండి. నిజం చెప్తే, ఉండడానికి వచ్చేవాళ్లు మాత్రమే పారిపోతారు. ఉండనివాణ్ణి అది ఏం చేయగలదు?

పోనీ అద్దెకైనా ఇవ్వండి, నర్సమ్మకు నేను చెప్తాను అన్నాను. "వాడితే పాతబడిపోతుంది అమ్మగారూ. మళ్లీ అమ్మేటప్పుడు రేటు రాదు" అన్నాడు. "మీరే ఎదురుగా ఉన్నారుగా. అప్పుడప్పుడూ వెళ్లి కొళాయిలు తిప్పుతూ ఉండండి. వాడకపోతే పైపులు తుప్పు పడతాయి."

ఎంత చక్కటి శాస్త్రమో చూశారా? వాడితే ఇల్లు పాతబడుతుంది. వాడకపోతే తుప్పు పడుతుంది. పైపుల సంగతే సుమండీ నేను చెప్పేది.

అప్పటి నుంచీ నా పొరుగు తాళంకప్పే. దాని సుగుణాలు చెప్పమంటారా? పంచదార అప్పు అడగదు. చెత్తబుట్ట నా గుమ్మం వైపు జరపదు. నా కూరలో ఉప్పెక్కువైందని వంక పెట్టదు. రాత్రి దగ్గావేంటి అని పొద్దున్నే అడగదు. తలుపు తట్టి మాత్రలివ్వదు. కళ్లు ఎందుకు ఎర్రబడ్డాయని నిలదీయదు. నేను మాట్లాడితే అడ్డు తగలదు, మాట్లాడకపోతే ఏమైందని కంగారు పడదు. అంత పెద్దమనిషి తరహా పొరుగు ఈ రోజుల్లో దొరుకుతుందా? ఎదురుగా తెరిచిన తలుపు లేదు కాబట్టి నేనూ నా తలుపు మూసుకున్నాను. వంటింట్లో ఉక్కపోస్తోంది. అయినా సంస్కారం గల పొరుగు కోసం ఆ మాత్రం ఓర్చుకోవాలి.

మొన్న ఒక మధ్యాహ్నం నా ఇంటికి తాళం వేసి, ఎదురింట్లో కొళాయిలు తిప్పడానికి వెళ్లాను. దాని తాళంకప్ప బయట గొళ్లేనికే తగిలించి, తలుపు దగ్గరగా వేసుకున్నాను. నీళ్లు ముందు ఎర్రగా వచ్చి, దగ్గి, తర్వాత తెల్లబడ్డాయి. ఇంతలో లిఫ్టు మనసు బాగున్నట్టుంది, మా అంతస్తులో ఆగింది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూశాను. టై కట్టుకున్న కొత్త ఏజెంటొకడు దిగాడు. మూల ఫ్లాటు తాళం చూశాడు. తర్వాత నా తలుపు చూశాడు.

నేనూ చూశాను. ఇన్నేళ్లలో తాళం వేసి ఉన్న నా తలుపును ఎదురింట్లోంచి చూడడం అదే మొదలు. తాళం వేలాడుతోంది. గుమ్మంలో చెప్పులు లేవు. కిటికీ మూసి ఉంది. ఎవరో ఫోన్లో కొన్న ఇల్లులాగే ఉంది.

"సార్, ఈ అంతస్తు మొత్తం ఖాళీయే. ఓనర్లెవరో కనుక్కుని మూడూ అడిగేద్దాం" అంటున్నాడు ఫోన్లో.

తలుపు తీశాను. పాపం, అదిరిపడ్డాడు.

"మూడు కాదు నాయనా. అదిగో, ఆ ఇంట్లో మనిషి ఉంది."

"ఎవరుంటారండీ?"

"నేనే."

అతను నా ఇంటి తాళంకేసి చూశాడు. ఎదురింటి గుమ్మంలో నిలబడ్డ నాకేసి చూశాడు. "మీరక్కడ ఉంటే... మరి ఇక్కడున్నారేంటండీ?" అన్నాడు.

మంచి గాలి, మంచి వెలుతురు అన్నాను.

అతను వెళ్లాక నా ఇంటి తాళం తీసి, నర్సమ్మకు ఫోన్ చేశాను. మూల ఫ్లాటు ఇంకా ఉందమ్మా, బిల్డరు దాని తాళంచెవి నా మేనల్లుడికే ఇచ్చాడు అని చెప్పాను. ఆమె వెంటనే అడిగింది.

"వంటగది ఎలా ఉంటుంది ఆంటీ?"

ఒకే బిల్డరు, ఒకే ఎండ, ఒకే వరస వంటగదులు. ఎలా ఉంటుందో నాకు తెలియదా?

"చల్లగా ఉంటుందమ్మా" అన్నాను. అబద్ధం ఎక్కడా అడ్డం పడలేదు, జారుకుంటూ వెళ్లిపోయింది.

దొరికిపోయాననుకున్నాను.

"మీరు చెప్పారంటే నమ్ముతాను ఆంటీ" అంది. "ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. ఆదివారం పాపని తీసుకుని వస్తాం."

ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ నా తలుపు బార్లా తెరిచే ఉంది. వంటింటి కిటికీ తెరిచాను. మేనల్లుణ్ణి పిలిపించి మూల ఫ్లాటు తలుపూ తీయించాను. దాని గుమ్మానికి ఒక చేతిరుమాలు కట్టి, నా గుమ్మంలో కుర్చీ వేసుకుని, అది ఊగుతుందా లేదా అని చూస్తున్నాను. రెండు తలుపులు తెరిస్తే గాలి ఆడుతుందని కుట్టుమిషను అక్క రోజుల్లోనే నాకు తెలిసి ఉండాల్సింది. కాస్త ఊగుతోంది. ఆదివారం లోపు అబద్ధం ఎంత చల్లబడితే అంత మంచిది.

"ఏంటత్తా, చివరికి ట్రైనింగు వంటబట్టిందా?" అని ఎగతాళి చేశాడు వాడు. వాడికేం తెలుసు?

కొత్త ఏజెంట్లారా, మీరు మాత్రం నా మాట వినండి. మొదట్లో ఎంత నష్టమొచ్చినా సరే, అందరికీ నిజమే చెప్పండి. ఏదో ఒక రోజు మీకూ ఒక్క అబద్ధంతో పని పడుతుంది. దానికి అదే పెట్టుబడి.